అద్దెయిల్లు – మన కర్తవ్యము

(వికారాబాదు, తాండూరు ప్రాంత విశ్వబ్రాహ్మణ బంధువుల వార్షిక సమావేశమున చేసిన ఉపన్యాసము)



 విద్యను గూర్చియు, వృత్తులను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు నాకంటె పెద్దలు ఇట్టి వేదికలపై ఏటేట ఉపన్యసించుచునే యున్నారు. నేను నేడెత్తుకొనిన విషయము వానియంత గంభీరముగా కనబడదు. అది అద్దెయిల్లు. మన ప్రాంతపు మాటలో చెప్పవలెనన్న, కిరాయి యిల్లు.

ఈ విషయమును ఈ సభలో ఎత్తుటకు నాకు కొంత జంకు కలదు. ఏలయన, ఇండ్లు అద్దెకిచ్చువారును ఈ సభలోనే యున్నారు, అద్దెకుండువారును ఈ సభలోనే యున్నారు. ఈ సంచికకు చందాలిచ్చిన పోషకులలో పలువురకు ఒకటికి రెండు ఇండ్లు కలవు. ఈ పందిరికి గుంజలు నాటిన యువకులలో పలువురకు ఒక్కటియు లేదు. ఇరువురును బంధువులే. పెండ్లిపందిటిలో వావివరుసలతో పిలుచుకొనువారే. నెల మొదటివారము వచ్చుసరికి మాత్రము ఒకరు యజమాని, మరియొకరు కిరాయిదారు అగుచున్నారు. ఈ రెండు వరుసలను ఒక్కచోట నిలిపి మాటలాడుటకు ఈ సభకంటె తగిన తావు నాకు తోచలేదు.

మనము విశ్వకర్మ సంతతివారమని చెప్పుకొందుము. లంకను, ద్వారకను నిర్మించిన శిల్పి మన కులదైవము. అట్టి దేవుని పూజించు మన యింట పరిస్థితి యెట్లున్నది? దూలములు చెక్కు వడ్రంగి పరుల దూలముల క్రింద నిద్రించుచున్నాడు. గొళ్లెములు చేయు కమ్మరి తన గొళ్లెము కాని తలుపు వేసికొనుచున్నాడు. తాండూరు బండను నునుపు చేసి దేశదేశముల భవనములకు పంపు పనివాడు సిమెంటు పెచ్చులూడిన గదిలో నెలకింతయని చెల్లించి యుండుచున్నాడు. ఊరిలో ఇండ్లు కట్టినది మనమే; ఊరిలో ఇల్లు లేనిదియు మనకే.

నా స్వవిషయ మొకటి చెప్పక తప్పదు. మా తండ్రి కంసాలి. తాండూరు బజారునకు చేరువలో రెండు గదులు అద్దెకు గొని ముందు గదిలో కుంపటి పెట్టుకొని, వెనుక గదిలో సంసారము చేసెను. పదునాలుగేండ్లు ఆ యింట నుంటిమి. ఒక్క నెలయు అద్దె తప్పలేదు. ఆయనకు జబ్బు చేసి హైదరాబాదు వైద్యశాలలో కాలధర్మము నొందగా, రాత్రి రెండు జాములకు దేహమును తాండూరు తీసికొని వచ్చితిమి. ఇంటి యజమాని గేటు కడ చేతులు జోడించి నిలిచియుండెను. ఆయన కోపపడలేదు. తమ యింట పెండ్లి తలపెట్టితిమనియు, దేహము లోనికి వచ్చిన ఇల్లు మైలపడుననియు, ఏమియు అనుకొనవలదనియు బ్రతిమాలెను. మూసియున్న అంగడి ముందర వేపచెట్టు క్రింద తెల్లవారువరకు దేహము నుంచితిమి. మా తల్లి ఆ పదునాలుగేండ్లు ముగ్గు పెట్టిన వాకిలి అక్కడికి ఇరువది అడుగుల దూరము.

ఆ యజమాని దుర్మార్గుడు కాడు. మా తండ్రికి స్నేహితుడు. అందుకే ఈ కథ చెప్పితిని. మంచివాడైన యజమానియు, తప్పక చెల్లించు కిరాయిదారుడును ఉన్నచోటనే ఇట్లు జరిగినయెడల, లోపము మనుష్యుల గుణములో లేదు. వారి నడుమ నిలువవలసిన కట్టుబాటు లేకపోవుటలో నున్నది. తెలంగాణ పట్టణములలో ఇట్టి సంగతులు నేటికిని వార్తాపత్రికలలో కనబడుచునే యున్నవి. ఆ కట్టుబాటు చట్టమున ఎంత కలదు, ప్రభుత్వ పథకములలో ఎంత కలదు, మనచేతిలో ఎంత కలదు అను మూడు సంగతులను మీకు విన్నవించుకొందును.

మొదట మన పట్టణముల స్థితి చూతము. 1874లో వాడి నుండి సికింద్రాబాదు వరకు రైలుమార్గము పడినది. తాండూరును, వికారాబాదును ఆ దారిలోనివే. హైదరాబాదు రాజ్యమునకు 1893 నుండి 1901 వరకు ప్రధానమంత్రిగా నుండిన వికారుల్ ఉమ్రా గారి పేర వికారాబాదు వెలసినది. తాండూరు తాలూకా 1956 వరకు గుల్బర్గా జిల్లాలో నుండి, రాష్ట్రముల పునర్విభజనమున ఇటు కలిసినది. 1978లో ఇవి రంగారెడ్డి జిల్లాలోనివైనవి. 2016 అక్టోబరు 11వ తేదిన వికారాబాదే జిల్లా ముఖ్యపట్టణ మైనది.

ఈ చరిత్రలో ప్రతి మలుపునకును క్రొత్త జనము వచ్చినది. రైలుతో వర్తకులు వచ్చిరి. నాపరాతి గనులతోను, బండలు కోయు కార్ఖానాలతోను కూలీలు వచ్చిరి. కరన్‌కోట మొదలగు చోట్ల సిమెంటు కర్మాగారములతో ఉద్యోగులు వచ్చిరి. కందులకు పేరెన్నికగన్న అంగడి కావున రైతులును దళారులును వచ్చిరి; తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి మీరెరిగినదే. జిల్లా ఏర్పడుటతో కార్యాలయములు వచ్చినవి, కార్యాలయములతో సిబ్బంది వచ్చిరి. వచ్చినవారందరును మొదట దిగునది అద్దెయింటనే. నెలజీతమువాడు ఎక్కువ ఇవ్వగలడు. రోజుకూలివాడు ఇవ్వలేడు. ఒకే గదికి ఇరువురు వచ్చినపుడు ఎవరికి దొరకునో చెప్పనక్కరలేదు.

మన వృత్తులవారికి మరియొక కష్టము కలదు. గుమాస్తాకు ఇల్లు వేరు, కచేరి వేరు. మనకు ఇల్లే కర్మశాల. కమ్మరికి కొలిమి కావలెను, దాగలి కావలెను. వడ్రంగికి కొయ్య పేర్చుకొను వసారా కావలెను. కంచరికి పొగపోవు మార్గము కావలెను. సుత్తెచప్పుడని ఒకరు, నిప్పని ఒకరు, పొట్టు ఎగురుచున్నదని ఒకరు ఇల్లు నిరాకరింతురు. అదృష్టవశమున దొరికిన యిల్లు ఒకటి రెండేండ్లకు ఖాళీ చేయవలసివచ్చిన, సామాను మోయుట యొక్కటియే కాదు. చేతివాడుక యంతయు పోవును. కమ్మరి యొక వీధి నుండి మరియొక వీధికి పోయిన, నాగటికర్రు సానపెట్టించుకొను రైతు అతనిని వెదకికొని రాడు. కావున మనకు అద్దె పెరుగుట ఒక నష్టము. స్థిరత్వము లేకపోవుట అంతకు మించిన నష్టము.

ఇక చట్టము మాట. అద్దెలను ప్రభుత్వము అదుపుచేయుట మన దేశమున పుట్టిన యాలోచన కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున, 1915లో, గ్లాస్గో నగరమందలి ఆయుధ కర్మాగారములకు పనివారు వేలకొలది రాగా ఇంటి యజమానులు అద్దెలు పెంచిరి. మగవారు పనిలోను యుద్ధములోను ఉండగా, మేరీ బార్బర్ అను గృహిణి మొదలగు స్త్రీలు వీధివీధిని కూడి, పెంచిన అద్దె ఇయ్యమని భీష్మించిరి. ఆ సంవత్సరమే బ్రిటిషు పార్లమెంటు అద్దెలను కట్టడిచేయు చట్టము చేసినది. మన దేశమున బొంబాయిలో 1918లోను, కలకత్తాలో 1920లోను అట్టి చట్టములు వచ్చినవి. రెండవ యుద్ధకాలమున 1941లో చెన్నపట్టణపు ప్రభుత్వము అద్దె నియంత్రణపు టుత్తరువులు చేసెను. మన హైదరాబాదు రాష్ట్రమున 1954లో గృహముల అద్దె, ఖాళీ, కౌలు నియంత్రణ చట్టము వచ్చినది. ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడిన పిమ్మట ఆ ప్రాంతపు చట్టమును ఈ ప్రాంతపు చట్టమును రద్దుపరచి 1960లో ఒకే చట్టము చేసిరి. ఆ 1960 చట్టమే తెలంగాణమునకు సంక్రమించినది.

ఆ చట్టమున మంచి యున్నది. పురపాలక సంఘములున్న పట్టణములన్నిటికిని వర్తించునట్లు దానిని చేసిరి. అద్దె చెల్లించిన వానికి రశీదు పొందు హక్కు కలదు. యజమాని అద్దె పుచ్చుకొనుటకు నిరాకరించినచో, బ్యాంకి పేరు తెలుపుమని నోటీసు ఇచ్చి, అప్పటికిని పుచ్చుకొననిచో నియంత్రణాధికారి యొద్ద సొమ్ము జమకట్టు మార్గము కలదు. కక్షతో నీరు, దీపము ఆపుట తప్పు. ఖాళీ చేయించుటకు కారణము చూపవలెను: అద్దె బకాయి పడుట, అనుమతి లేక పరులకు అద్దెకిచ్చుట, ఇంటికి చెరుపు చేయుట, యజమానికే నిజముగా అవసరము కలుగుట మొదలగునవి. బకాయి బుద్ధిపూర్వకము కానిచో, చెల్లించుటకు 15 దినములకు మించకుండ గడువిచ్చు అధికారమును కలదు. మన వంటి పట్టణములలో సాధారణముగా జూనియర్ సివిల్ జడ్జిగారే అద్దె నియంత్రణాధికారి.

మన వృత్తులవా రందులో ముఖ్యముగా ఎరుగవలసిన సంగతి యొకటి కలదు. ఏ పనికని ఇల్లు తీసికొంటిమో దానికి కాక వేరు పనికి వాడినను ఖాళీ చేయింపవచ్చును. నివాసమునకని చెప్పి తీసికొన్న ఇంట కొలిమి పెట్టిన, ఆ కొలిమియే మనమీద సాక్ష్యము పలుకును. కావున "నివాసమునకును వృత్తికిని" అను మాట ఒప్పందపత్రమున వ్రాయించుకొనుట మనకు ప్రాణావసరము.

మరి ఇంత మంచి చట్టముండగా మన కష్టమేల తీరలేదు? ఆ చట్టపు నీడ క్రమక్రమముగా కుదించుకొనిపోయినది. 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన కట్టడములకు ఆ చట్టము వర్తింపదని మొదటనే ఒక మినహాయింపు నుంచిరి. క్రొత్త ఇండ్లు కట్టుటకు ప్రోత్సాహమని దాని యుద్దేశము. ఆ మినహాయింపునకు కాలపరిమితి లేకుండుట సమానత్వమునకు విరుద్ధమని 1983లో సుప్రీంకోర్టు మోటారు జనరల్ ట్రేడర్సు వారి వ్యాజ్యమున దానిని కొట్టివేసినది. తరువాత 2005లో చట్టమును సవరించిరి. దానినిబట్టి క్రొత్త కట్టడములకు 15 సంవత్సరముల వరకు మినహాయింపు. అంతియే కాక, ఆ సవరణ అమలునకు వచ్చిన నాటికి నెల అద్దె కార్పొరేషను నగరములలో 3,500 రూపాయలకును, తక్కిన చోట్ల 2,000 రూపాయలకును మించిన కట్టడములు చట్టపు పరిధికి వెలుపలివి.

వికారాబాదు, తాండూరు కార్పొరేషనులు కావు, పురపాలక సంఘములు. కావున మనకు చెల్లునది 2,000 రూపాయల కొలత. ఆ మినహాయింపుల నడుమ చట్టమునకు మిగిలినవి పాత యిండ్లు, చిన్న గదులు. నేడు 2,000 రూపాయలకు మన పట్టణములలో ఎట్టి గది దొరకునో మీరే యెరుగుదురు. 2005 నుండి బియ్యపు ధర మారినది, బంగారపు ధర మారినది, కూలి మారినది. ఆ అంకె మాత్రము గోడకు కొట్టిన మేకువలె అట్లే యున్నది.

చట్టపు పరిధికి వెలుపల నున్న ఇంటికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము వర్తించును. వేరు ఒప్పందము లేనిచో నెలనెల అద్దెయింటిని 15 దినముల నోటీసుతో ముగింపవచ్చును. కారణము చెప్పనక్కరలేదు. పిల్లవాని పరీక్షలనియు, భార్య నిండుచూలాలనియు చెప్పుకొనుటకు అందు చోటు లేదు. సంవత్సరమునకు మించిన కౌలుపత్రము రిజిష్టరు కావలెను. ఆ ఖర్చునకు వెరచి అందరును 11 నెలల కాగితము వ్రాసికొందురు. 11 నెలలు గడచిన వెంటనే అద్దె పెంపు, లేదా ఖాళీ. మన పిల్లల చదువు సంవత్సరమునకు పండ్రెండు నెలలు, మన యింటి హక్కునకు పదునొకండు నెలలు!

ఇట్లనుట చేత అద్దెలను 1944 నాటి అంకెలకు కట్టివేయవలెనని నేను కోరుటలేదు. ఆ 1960 చట్టమున న్యాయమైన అద్దె నిర్ణయించుటకు 1944 ఏప్రిలు 5వ తేదికి ముందటి పండ్రెండు నెలల అద్దెను ఆధారముగా గొను పద్ధతి వ్రాయబడినది. అట్టి బిగింపు వలన కలిగిన కీడును చూచితిమి. బొంబాయిలో అద్దె పెరుగని పాత మేడలను యజమానులు బాగుచేయక విడువగా, అవి కూలి జనులు మరణించిరి. భయపడిన యజమాని ఇంటికి తాళము వేసికొనును గాని అద్దెకియ్యడు. 2011 జనాభా లెక్కలలో మన దేశపు పట్టణములందు ఒక కోటి పది లక్షలకు పైగా ఇండ్లు ఖాళీగా కనబడినవి. ఇల్లు లేని జనము ఒకవైపు, జనము లేని ఇండ్లు ఒకవైపు. యజమానికి నమ్మకము, కిరాయిదారునకు భద్రత, రెండును కలిసి యున్ననే తాళము తీయబడును.

ఈ యుద్దేశముతోనే కేంద్రప్రభుత్వము 2021 జూను 2వ తేదిన నమూనా కౌలుదారీ చట్టమును ఆమోదించి రాష్ట్రములకు పంపినది. ఒప్పందము వ్రాతమూలముగా నుండవలెను. అడ్వాన్సు నివాసగృహమునకు రెండు నెలల అద్దెను మించరాదు. ఇంటి లోనికి వచ్చుటకు యజమాని 24 గంటలు ముందు తెలుపవలెను. నీరు, దీపము ఆపరాదు. డిప్యూటీ కలెక్టరునకు తక్కువ కాని యధికారి అద్దె ప్రాధికారిగా నుండును. యజమానికిని రక్షణ కలదు: గడువు తీరినను ఖాళీ చేయని వాడు మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దెయు, పిమ్మట నాలుగు రెట్లును చెల్లించవలెను. ఇది నమూనా మాత్రమే. రాష్ట్రము తన శాసనసభలో చేసికొన్ననే చట్టమగును. అందొక లోటు కూడ కలదు. అద్దె యెంత యుండవలెనో, ఎంతవరకు పెంపవచ్చునో అది చెప్పదు. ఇరువురి ఒప్పందమునకే విడిచినది. ఆకలిగొన్నవాడును అన్నము గలవాడును చేసికొను ఒప్పందము ఎట్లుండునో మనకు తెలియనిది కాదు.

పథకముల మాటకు వత్తము. 2020లో మహమ్మారి కాలమున వలసకూలీలు అద్దె చెల్లింపలేక వందల మైళ్లు నడచి స్వగ్రామములకు పోవుట దేశమంతయు చూచినది. ఆ సంవత్సరమే జూలై నెలలో కేంద్రము స్వల్పవ్యయపు అద్దె గృహసముదాయముల పథకమును ఆమోదించినది. 2024లో వచ్చిన రెండవ ప్రధానమంత్రి పట్టణ ఆవాస పథకమునందును అద్దెయిండ్ల కొక విభాగము నేర్పరచిరి. మన రాష్ట్రమున 2015లో రెండు పడకగదుల ఇండ్ల పథకము ఆరంభమైనది. 2024 మార్చి 11వ తేదిన భద్రాచలమున ఇందిరమ్మ ఇండ్ల పథకము ప్రారంభించి, ఇల్లు కట్టుకొనువారికి 5 లక్షల రూపాయల సాయము ప్రకటించిరి. ఇవి యన్నియు కొనియాడదగినవే. కాని ఇందిరమ్మ ఇంటి మొదటి విడతలో ప్రాధాన్యము స్వంత స్థలము గలవారికి. పట్టణమున కిరాయికుండు కమ్మరికి స్థలమెక్కడిది? స్థలము లేనివానికే ఇల్లు లేదు. ఇల్లు లేనివానికే సాయము కావలెను. రాష్ట్రపు పథకములు ఇంటి హక్కుదారుని చేయుటయందు చూపిన శ్రద్ధ, అద్దెకుండువానిని కాపాడుటయందు చూపలేదు.

విదేశమున వేరొక మార్గము త్రొక్కినవారు కలరు. వియన్నా నగరపాలకులు 1923లో గృహముల పన్ను విధించి, ఆ సొమ్ముతో 1934 లోపల అరువది వేలకు పైగా ఇండ్లు కట్టి పనివారికి తక్కువ అద్దెకిచ్చిరి. ఇల్లు అమ్మలేదు, నగరమే యజమానిగా నిలిచినది. మన పురపాలక సంఘము అంత చేయగలదని నేననను. కాని పది కుటుంబములకు పది గదులు, వాని వెనుక పని చేసికొను పది షెడ్లు కట్టుట మన పట్టణములకు అసాధ్యము కాదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూడుడు. నెలకు 15,000 రూపాయలు ఆర్జించు వడ్రంగి యొకడున్నాడనుకొందము. 5,000 రూపాయలు అద్దె యిచ్చిన, మూడవ వంతు పోయినది. యజమాని ఏటేట నూటికి పది చొప్పున పెంచిన, ఐదేండ్లకు ఆ అద్దె 8,053 రూపాయలగును. నూటికి ఐదు చొప్పున పెంచిన 6,381 రూపాయలగును. యజమానికి రెండింటను పెంపుదల కలదు. వడ్రంగికి మాత్రము ఆ 1,672 రూపాయల తేడాలో బిడ్డ బడి రుసుము కలదు, ముసలితల్లి మందులు కలవు. అదియు అతని ఆదాయము తగ్గలేదనుకొన్నప్పటి మాట. వానకాలమున కట్టడములు నిలిచిపోయిన, అతని ఆదాయము నిలుచును, అద్దె నిలువదు. మధ్యలో ఒకసారి ఇల్లు మారవలసివచ్చిన, క్రొత్త అడ్వాన్సునకు వడ్డీవ్యాపారి గడప ఎక్కవలెను. మనవారి అప్పులకు మూలము పెండ్లిళ్లని మనము నిందించుచుందుము. అడ్వాన్సులును మూలమేయని నా మనవి.

కావున ప్రభుత్వమునకు మనము చేయవలసిన విన్నపములు మూడు. ఒకటి: 2005 నాటి 2,000 రూపాయల హద్దును ఎత్తివేసి, నేటి స్థితికి తగిన చట్టము చేయవలెను, అందు అడ్వాన్సునకు హద్దు, పెంపునకు హద్దు, ఖాళీ చేయించుటకు తగిన గడువు ఉండవలెను. రెండు: వికారాబాదు, తాండూరు రెవిన్యూ డివిజనులు రెండింటను అద్దె తగవులు విని త్వరగా తీర్చు అధికారి యుండవలెను, పేదవాడు 500 రూపాయల పెంపును గూర్చి న్యాయస్థానమునకు పోయి వాయిదాలు తిరుగలేడు. మూడు: స్థలము లేనివారికి స్థలమైన నియ్యవలెను, లేదా కర్మశాలతో కూడిన అద్దెగదులైన కట్టవలెను. 2023 సెప్టెంబరు 17వ తేదిన మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున పనిముట్లకు 15,000 రూపాయల సాయమును, తక్కువ వడ్డీకి ఋణమును ఇచ్చుచున్నారు. సంతోషమే. ఆ పనిముట్లు పెట్టుకొనుటకు చోటు చూపిననే ఆ సాయము ఫలించును.

విన్నపములు వ్రాయుట సులభము. ప్రభుత్వమునకు పంపిన కాగితము తిరిగివచ్చు లోపల ఎన్నో 11 నెలలు గడచును. కావున, మహాజనులారా, మనచేతిలో నున్నదానిని గూర్చి ఇప్పుడు పోషకులకు మనవి చేసికొందును. కోపగింపక వినవలెను.

మన సంఘములో ఇండ్లు అద్దెకిచ్చు ప్రతివారును ఈ నియమములను స్వచ్ఛందముగా స్వీకరింపవలెనని నా ప్రార్థన. కాగితము వ్రాసి, ఇరువురి యొద్ద ఒక్కొక్క ప్రతి యుండవలెను. అద్దెకు రశీదీయవలెను, ఫోనున పంపిన సొమ్మునకు జాడ మిగులును గాని, చేతికిచ్చిన సొమ్మునకు రశీదే సాక్ష్యము. అడ్వాన్సు రెండు నెలలకు మించరాదు. ఇల్లు విడిచిన నాడే లెక్కచూచి తిరిగి యీయవలెను. పెంపు ఏటికొకసారి, నూటికి ఐదు మించరాదు. బడి సంవత్సరము నడుమ పిల్లలున్న కుటుంబమును ఖాళీ చేయింపరాదు. వృత్తి చేసికొనుటకు వీలున్న వసారాను మన వృత్తివానికి నిరాకరింపరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. మన యింట అద్దెకున్నవాడు మరణించిన, అతని దేహము ఆ వాకిట దిగవలెను. ఆ యింటి కోడలు పురుడు పోసికొన్న, బిడ్డ ఆ యింటికే రావలెను. పుట్టుక గాని, చావు గాని మైలయైన, స్నానముతో పోవునది మైల. ఏడ్చుచున్న తల్లిని వేపచెట్టు క్రింద కూర్చుండబెట్టిన దోషము ఏ స్నానముతో పోవును? సంకోచము విడువలేని యజమానులు కొందరుందురు. వారిని నేను తిట్టను. అట్టివారి నిమిత్తమును, గదులు ఇరుకైనవారి నిమిత్తమును, మన సంఘస్థలమున ఒక పెద్ద గదియు, నీటి వసతియు, పదునొకండు దినములు బంధువులు ఉండదగిన వసారాయు కట్టవలెను. పెండ్లిమంటపమునకు చందాలిచ్చిన చేతులే దీనికిని ఈయవలెను. ఈ పనికి నా శక్తికొలది నేనును ఇచ్చెదను.

ఇంకొక మాట. మనము కులముపేర కూడిన సభ యిది. కాని ఇల్లు అద్దెకిచ్చునపుడు కులమడుగుట మన సభాధర్మము కారాదు. మన రాజ్యాంగపు 15వ అనుచ్ఛేదము అంగళ్లు, హోటళ్లు, బావులు మొదలగు వానియందు భేదము చూపరాదని శాసించినది. అద్దెయింటి గడపను గూర్చి అందు మాట లేదు. చట్టము మాటలాడని చోట ధర్మము మాటలాడవలెను. కొలిమి యున్నదని మనల నొకడు త్రిప్పి పంపినపుడు మనకెట్లుండెనో, కులమడిగి మన మొకని త్రిప్పి పంపినపుడు వానికట్లే యుండును. ఒంటరి స్త్రీయని, పరభాషవాడని, పరమతస్థుడని ఇల్లు లేదనుటయు నిట్టిదే. అద్దె చెల్లించునా, ఇల్లు చక్కగా చూచుకొనునా అని యడుగుడు. అంతకుమించి అడుగవలసిన పని లేదు.

కిరాయిదారులైన సోదరులకును రెండు మాటలు. హక్కు కోరువానికి ధర్మమును కలదు. అద్దె తేది తప్పరాదు. తప్పవలసివచ్చిన ముందుగా చెప్పవలెను. పరుల యిల్లని గోడకు మేకులు కొట్టి, నీరు వృథా చేసి పోరాదు. ఖాళీ చేసెదనని మాట యిచ్చిన నాడు చేయవలెను. పింఛను లేని ముసలి విధవకు ఆ రెండు గదుల అద్దెయే జీవనాధారమైన ఇండ్లును మనలో కలవు. ఆమెయు బీదదియే. యజమానులందరును ధనికులు కారు.

తగవులు వచ్చినచో న్యాయస్థానమునకు ముందు మనలో మనము తీర్చుకొనుటకు ఐదుగురితో ఒక మధ్యస్థుల మండలి యేర్పరచుడు. అందు ఇద్దరు యజమానులు, ఇద్దరు కిరాయిదారులు, ఒకరు న్యాయవాది యుండవలెను. ఐదుగురిలో ఒక్కరైనను స్త్రీ కావలెను, ఏలయన అద్దెయింటి కష్టము పగలంతయు అనుభవించునది ఆమెయే. అడ్వాన్సునకు చాలనివారికి వడ్డీ లేక అప్పిచ్చి, నెలనెల కొంత తిరిగి పుచ్చుకొను చిన్న నిధి యొకటి స్థాపించుడు. ఒక్క కుటుంబమునకు ఇచ్చిన సొమ్ము సంవత్సరమునకు తిరిగివచ్చి మరియొక కుటుంబమును నిలుపును. విద్యార్థి వేతనములవలెనే ఇదియు మన సంఘపు లెక్కలలో ఏటేట అచ్చుపడవలెను.

మహాజనులారా! నేను చెప్పిన నియమములకు ఖర్చు స్వల్పము. కాగితమునకు కొన్ని రూపాయలు, రశీదు పుస్తకమునకు కొన్ని రూపాయలు, మిగిలినది మనస్సు. ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వమును అడుగుదము, విడువక అడుగుదము. మనము చేయవలసినది రేపటి ఒకటవ తేది నుండి చేయుదము. వచ్చు సంవత్సరపు సంచికలో పోషకుల పేర్ల ప్రక్కన ఈ నియమములను స్వీకరించిన యజమానుల పేర్లును అచ్చువేయుమని సంపాదకులను ప్రార్థించుచున్నాను. చందా మొత్తము కంటె ఆ జాబితా మన కులమునకు ఎక్కువ గౌరవము తెచ్చును.

మా తండ్రి దేహము నుంచిన ఆ వేపచెట్టు నేటికిని కలదు. తాండూరు పోయినపుడెల్ల ఆ దారినే పోవుదును. మన సంఘపు గది కట్టిన నాడు ఆ చెట్టు క్రింద మరియొక కుటుంబము తెల్లవారువరకు కూర్చుండనక్కరలేదు. ఆ దినము త్వరలో వచ్చుగాక యని విశ్వకర్మ భగవానుని ప్రార్థించుచున్నాను.